పోటు చూసి గాలం: బాపట్ల తీరంలో ఒక మధ్యాహ్నం

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్లకు 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కణ్ణించి సూర్యలంక ఇంకో 9 కిలోమీటర్లు. విజయవాడ వాళ్ళు చెన్నై వైపు వెళ్ళే రైలెక్కి తెనాలి, నిడుబ్రోలు దాటాక బాపట్లలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. నిజాంపట్నం వైపు అయితే తెనాలి, రేపల్లె మీదుగా దారి. భోజనం తొందరగా కానిచ్చి బయల్దేరితే మూడు గంటలకల్లా నీళ్ళ దగ్గరుంటాం. మూడు నుంచి పొద్దుగూకే దాకా సుమారు మూడు గంటలు. గట్టు మీద నిలబడి గాలం వేసుకోవడానికి ఆ వ్యవధి చాలు, రోజు సరిగ్గా ఎంచుకుంటే.

కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళు ముందు రాడ్ గురించి అడుగుతారు, తర్వాత ఎంత దూరం విసరాలని అడుగుతారు. ఆ రెండూ తర్వాతి మాటలు. ఉప్పునీటి చేప నీళ్ళు కదిలినప్పుడు తింటుంది, నీళ్ళు కదిలే చోట తింటుంది. మిగతాదంతా ఆ వేళకి ఆ చోట ఉండటానికి చేసుకునే ఏర్పాటే.

తిథి చూడండి, ఆదివారం కాదు

మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీళ్ళు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్ళు దిగడం). పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైన పడుతుంది. ఇవాళ్టి పోటు రేపటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అష్టమి చుట్టుపక్కల కదలిక మందగిస్తుంది.

బాపట్ల, నిజాంపట్నం తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నిండు పోటు ఇంచుమించు ఉదయం ఎనిమిదిన్నర తొమ్మిదికీ, మళ్ళీ రాత్రి అదే వేళకీ వస్తుంది. అంటే మధ్యాహ్నం రెండున్నర మూడుకి నీళ్ళు పూర్తిగా దిగి ఉంటాయి, అక్కణ్ణించి పొద్దుగూకే దాకా ఎక్కుతూనే ఉంటాయి. మూడింటికి వెళ్ళే వాళ్ళకి ఇంతకంటే మంచి రోజు లేదు. వెళ్ళగానే నీళ్ళు లేని గట్టును కళ్ళారా చూసుకోవచ్చు: గుంట ఎక్కడుంది, రాయి ఎక్కడుంది, పాత వలముక్క ఎక్కడ చిక్కుకుని ఉంది అన్నీ కనిపిస్తాయి. తర్వాత వాటి మీదికి నీళ్ళొస్తాయి, నీళ్ళతో పాటే చేపలూ వస్తాయి.

ఏకాదశి నుంచి త్రయోదశి దాకా మధ్యాహ్నమంతా నీళ్ళు ఎక్కి, సాయంత్రం ఐదు నుంచి ఏడు లోపు నిండు పోటు అవుతుంది. ఇవీ మంచి రోజులే. తదియ నుంచి పంచమి దాకా లెక్క తిరగబడుతుంది, మధ్యాహ్నం పాటు నడుస్తుంది. అప్పుడు సముద్రపు ఒడ్డు మానేసి ఉప్పుటేటి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరికో, కాలువ తూము దగ్గరికో పొండి. లోపలి నీళ్ళు చిన్న చేపల్నీ రొయ్య పిల్లల్నీ వెంటేసుకుని బయటికొస్తుంటే పెద్ద చేప మొగలో కాపు కాసి ఉంటుంది. అష్టమికి ఇంట్లోనే ఉండి ముడులు వేసుకోవడం నేర్చుకోండి.

ఇవన్నీ సుమారు లెక్కలు. బయల్దేరే ముందు రోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే ఆటుపోట్ల వేళల్నీ, అలల హెచ్చరికనీ చూసుకోండి. ఎత్తైన అలలని హెచ్చరిక ఉంటే ఒడ్డు నుంచి గాలం కూడా వద్దు. ఏటి లోపలికి వెళ్ళే కొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. మొగ నుంచి రెండు మూడు కిలోమీటర్లు లోపల నిలబడితే తీరపు లెక్కకి అరగంటో గంటో కలుపుకోవాలి.

కాలం విషయానికొస్తే డిసెంబరు నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా, నీళ్ళు కాస్త తేటగా ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం. ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తి కృష్ణలోకి వరద వదిలారంటే, నదీముఖం చుట్టుపక్కల నీళ్ళు ఉప్పు పోయి ఎర్రమట్టి రంగుకి తిరుగుతాయి. కొన్నాళ్ళు ఉప్పునీటి చేప దూరం జరుగుతుంది, జెల్లలు మాత్రం ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. గట్టు మీద గాలానికి అది వర్తించదు గానీ, ఆ నెలల్లో మధ్యాహ్నం ఎండ, సాయంత్రం ఉరుములు రెండూ గట్టిగానే ఉంటాయి. ఉరుము వినిపించగానే రాడ్ కింద పెట్టేసి గట్టు దిగండి. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది, చదును నేల మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండేది కూడా అదే.

ఎక్కడ నిలబడాలి

సూర్యలంక లాంటి ఇసక ఒడ్డున అల రెండు చోట్ల విరుగుతుంది. మొదటిది కాస్త లోపల, ఇసక దిబ్బ మీద. రెండోది మన కాళ్ళ దగ్గర. ఈ రెంటి మధ్య నీళ్ళు నురగ తక్కువై, రంగు కొంచెం ముదురుగా, ఒడ్డుకి సమాంతరంగా సాగే గాడి ఒకటుంటుంది. చేప తిరిగే దారి అదే. చాలాసార్లు అది ఒడ్డు నుంచి 15 నుంచి 30 మీటర్ల లోపే ఉంటుంది. ఊపిరి బిగబట్టి 70 మీటర్లు విసిరిన ఎర పోయి దిబ్బ మీద, మోకాలి లోతు నీళ్ళలో పడుతుంది. కొత్తవాళ్ళు ఉత్త చేతులతో తిరిగి రావడానికి ఎక్కువగా ఇదే కారణం.

దిబ్బ తెగిపోయి నీళ్ళు లోపలికి లాగేసే చోటు కూడా ఒడ్డు నుంచే కనిపిస్తుంది: అక్కడ అల విరగదు, నురగ, బురద సముద్రం వైపు చారలా సాగుతుంటాయి. గాలం దాని అంచున వేయడం మంచిదే. అందులో కాలు మాత్రం పెట్టొద్దు. ఈ తీరంలో స్నానాలకి దిగి కొట్టుకుపోయిన వాళ్ళలో చాలామందిని లాక్కెళ్ళింది అలాంటి చోట్లే. గాలం వేసేవాడికి మోకాలు దాటి నీళ్ళలోకి దిగాల్సిన పనే లేదు.

ఒక మధ్యాహ్నానికి ఇసక ఒడ్డు కంటే ఏటి గట్టు మేలని మా ఉద్దేశం. గాలి తక్కువ, నీళ్ళ నడక కంటికి కనిపిస్తుంది, చేపల రకాలు ఎక్కువ. గట్టు మీద నడుస్తూ చూడాల్సినవి నాలుగు: ఏరు వంపు తిరిగే చోట బయటి ఒడ్డు, ఎందుకంటే అక్కడే లోతు, చిన్న కాలువ వచ్చి కలిసే చోటు, వంతెన స్తంభం వెనక నీళ్ళు సుడి తిరిగే చోటు, తూము. రొయ్యల చెరువుల నీళ్ళు కాలువలోకి వదిలే రోజున తూము కింద చిన్న చేపలు మూగుతాయి, వాటి కోసం పండుగొప్ప వస్తుంది. తూము అవతల చెరువు మాత్రం ఒకరి పంట. చెరువు గట్టెక్కే ముందు కాపలా మనిషిని "అన్నా, కాలువ వైపు గాలం వేసుకోవచ్చా" అని అడగండి. అడిగితే కాదనే వాళ్ళు తక్కువ, ఏ వేళకి తూము ఎత్తుతారో కూడా వాళ్ళే చెబుతారు. ఆ గట్ల మీద ఏరేటర్లకి (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలకి) లాగిన కరెంటు తీగలు చాలా కిందికి వేలాడుతుంటాయి. తొమ్మిదడుగుల రాడ్ భుజాన వేసుకుని నడిస్తే తీగకి తగులుతుంది. గట్టెక్కే ముందే రాడ్ రెండు ముక్కలుగా విప్పి చేత్తో అడ్డంగా పట్టుకు నడవండి.

వెళ్ళకూడని చోట్లూ ఉన్నాయి. సూర్యలంకలో వాయుసేన స్థావరం వైపు వద్దు. హంసలదీవి, నాచుగుంట వైపు మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కిందికి వస్తాయి, లోపల వేట నిషేధం. జాలర్లు అలివి వల లాగుతుంటే దానికి నూరు మీటర్ల దూరంలో ఉండండి. వల కంట్లో మీ గాలం చిక్కిందంటే దాన్ని కోసి తీయాల్సింది వాళ్ళే.

సామాను

8 నుంచి 9 అడుగుల స్పిన్నింగ్ రాడ్, 30 నుంచి 80 గ్రాములు విసరగలిగేది. 4000 సైజు రీలు. అందులో 20 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్, అంటే సన్నటి పోగులతో అల్లిన దారం, 150 మీటర్లు. బ్రెయిడ్ సన్నగా ఉంటుంది కాబట్టి నీళ్ళ ఒత్తిడి తక్కువ పడుతుంది, చిన్న గుండుకే ఎర నిలబడుతుంది. అది వద్దనుకుంటే 0.35 మిల్లీమీటర్ల నైలాన్ తంగూసు చాలు. దాని సాగుదల కొత్తవాళ్ళ తప్పుల్ని కొన్నిటిని కాస్తుంది కూడా. రాడ్ కొనడానికి తొందరేం లేదు. 0.50 తంగూసు 50 మీటర్లు ఓ చెక్కకి చుట్టుకుంటే ఏటి గట్టు మీద చేతిగాలమే సగం పని చేసేస్తుంది. వంతెన స్తంభం పక్కన అయితే రాడ్ కంటే చేతిగాలమే నయం.

మిగతావి: 30, 45, 60 గ్రాముల సీసం గుండ్లు, మధ్యలో బెజ్జం ఉండేవి, ఒక్కో రకం నాలుగు, ఇసక ఒడ్డుకైతే 80 గ్రాముల పలకల గుండ్లు, గుండ్రటివి అలకి దొర్లిపోతాయి. స్వివెళ్ళు (దారం పురి పడకుండా తిరిగే రెండు చెవుల లంకెలు) పది. ప్లాస్టిక్ పూసలు పది. 40 పౌండ్ల నైలాన్ లీడరు (గాలానికి ముందు కట్టే గట్టి దారం) ఒక చిన్న చుట్ట. వలయాకారపు సర్కిల్ గాలాలు 1/0, 2/0 సైజులు, పండుగొప్ప కోసం 4/0. చిన్న చేపలకి 8 నంబరు పొడుగు కాడ గాలాలు. ముక్కు సన్నగా ఉన్న పటకారు, కత్తెర, పాత తువ్వాలు, మందపాటి చేతి తొడుగు, హెడ్‌ల్యాంపు. కాళ్ళకి చెప్పులు కాదు, మడమ మూసిన బూట్లు. బురదలో చెప్పు ఉండిపోతుంది, స్తంభాలకి పట్టిన ఆల్చిప్పలు బ్లేడులా కోస్తాయి. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్ళు.

దారం అమర్చడం

జారుడు గుండు పద్ధతి ఒక్కటి నేర్చుకుంటే తీరంలో ముప్పాతిక పని అయిపోతుంది. రీలు నుంచి వచ్చే దారానికి ముందు గుండు ఎక్కించండి, తర్వాత పూస, ఆ తర్వాత స్వివెల్ కట్టండి. స్వివెల్ రెండో చెవికి 60 సెంటీమీటర్ల లీడరు, దాని కొసకి గాలం. చేప ఎర అందుకుని లాగితే దారం గుండులోంచి జారుతుంది, బరువు దానికి తెలియదు. పూస లేకపోతే విసిరిన ప్రతిసారీ గుండు వచ్చి ముడి మీద కొడుతుంది, నాలుగైదు విసుర్లకి ముడి నలిగి పెద్ద చేప రోజున తెగుతుంది.

ముడికి యూని ముడి వేయండి. దారాన్ని చెవిలోంచి తీసి, వెనక్కి మడిచి ఒక వలయం చేసి, కొసని ఆ వలయం లోపలి నుంచి రెండు దారాల చుట్టూ చుట్టాలి: నైలాన్‌కి 5 చుట్లు, బ్రెయిడ్‌కి 8. బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడి ముడి బిగిస్తే నైలాన్ రాపిడికి వేడెక్కి అక్కడే బలం పోతుంది. తెగిన దారం కొసని గోటితో తడిమి చూస్తే తెలుస్తుంది: పందిమీసంలా వంకర్లు తిరిగి ఉంటే ముడి జారింది, తిన్నగా తెగితే రాయో పన్నో కోసింది.

డ్రాగ్ (చేప గుంజినప్పుడు రీలు దారం వదిలే బిగువు) సరిచేయడానికి త్రాసు అక్కర్లేదు. రెండు లీటర్ల నీళ్ళ సీసా నింపి, దాని మెడకి దారం కట్టి, రాడ్‌తో నెమ్మదిగా పైకి లేపండి. సీసా నేల నుంచి లేస్తూ ఉండగానే రీలు కిర్రుమంటూ దారం కొద్దికొద్దిగా వదలాలి. సీసా సునాయాసంగా లేచి వేలాడితే డ్రాగ్ బిగువు ఎక్కువ, కదలకముందే దారం సర్రున పోతే వదులు. 20 పౌండ్లంటే 9 కిలోలు, అందులో నాలుగో వంతుకి డ్రాగ్ పెట్టుకోవాలి, రెండు లీటర్ల నీళ్ళ బరువు దాదాపు అదే. తర్వాత ఆ సీసా నీళ్ళు చేతులు కడుక్కోవడానికి పనికొస్తాయి.

ఎర

రొయ్యల దేశంలో ఉన్నాం కాబట్టి ఎరకి కొదవ లేదు. బాపట్ల, రేపల్లె, చీరాల చేపల బజారుల్లో దొరికే వనామీ రొయ్య, వేలెడంతవి, ఇద్దరికి పావు కిలో సరిపోతుంది. ఆ రోజు పట్టినవే కావాలి. తల నల్లబడినవి, ఫ్రీజర్‌లో పెట్టి తీసినవి గాలం మీద నిలవవు, విసిరేటప్పుడే ఊడిపోతాయి. రొయ్యల్ని కవర్లో మూటగట్టి ఆ కవరు ఐసు మీద పెట్టండి. ఐసు కరిగిన నీళ్ళలో నానితే రొయ్య తెల్లగా పాలిపోయి, వాసన పోయి, పిప్పిలా అవుతుంది. చాలామంది ఎర చెడేది ఇక్కడే.

గుచ్చే తీరు ఇదీ. తల తీసేయండి, పొట్టు అలాగే ఉంచండి. తోక చివర విసనకర్రలా ఉండే భాగాన్ని గోటితో గిల్లేయండి. అది ఉంటే రొయ్య నీటి ఒరవడికి బొంగరంలా తిరిగి లీడరు పురి పడిపోతుంది. గిల్లిన చోట గాలం మొన ఆనించి, రొయ్య వంపు ఎటుందో అటే గాలం వంపు కూడా ఉండేట్టు కండ మధ్యలోంచి తోసుకుంటూ పొండి. కాడ దాకా ఎక్కాక మొనని పొట్ట వైపు బయటికి తీయాలి. మొన పూర్తిగా బయట కనిపించాలి. కండలో దాచేస్తే సర్కిల్ గాలం చేప మూతికి పట్టదు. పీతలు ఎక్కువున్న చోట కుట్టు దారంతో రొయ్యని కాడకి నాలుగు చుట్లు చుట్టండి.

కవళ్ళు దొరికితే పక్కల కండ చిటికెన వేలంత చీలికలుగా కోసి వాడండి. వాటి నూనె వాసన నీళ్ళలో దూరం పోతుంది, గొరకలు, జెల్లలు దానికి బాగా వస్తాయి. పండుగొప్పకి మాత్రం బతికున్న ఎరే రాజు. జానలో సగమంత బొంత పిల్లని విసురు వల వేసే వాళ్ళ దగ్గర అడిగి తీసుకుని, పై పెదవిలోంచి గాలం గుచ్చాలి. వీపు మీద గుచ్చే వాళ్ళూ ఉన్నారు గానీ, పారే నీళ్ళలో పెదవికి గుచ్చిన పిల్లే ఎక్కువసేపు బతుకుతుంది, ముఖం ఒరవడికి ఎదురుగా ఉంటుంది కాబట్టి. బకెట్లో నీళ్ళు అదే ఏటివి పోయండి, నీడలో పెట్టండి, పావుగంటకోసారి సగం మార్చండి.

వేయడం, కాపు, లాగడం

మధ్యాహ్నం తర్వాత గాలి సముద్రం మీద నుంచి మన ముఖం మీదికే వీస్తుంది. ఎత్తుగా విసిరితే బ్రెయిడ్ గాలికి విల్లులా వంగి ఎర వెనక్కొచ్చి పడుతుంది. తక్కువ ఎత్తులో, బల్లపరుపుగా విసరండి. విసిరే ముందు వెనక ఎవరున్నారో తిరిగి చూసుకోవడం ప్రతిసారీ చేయాల్సిన పని.

ఏటి గట్టు మీద మొదటి విసురు ఏటి మధ్యకి కాదు. గట్టు నుంచి ఐదారు మీటర్లలో, ఒడ్డు వాలు ఆగి లోతు మొదలయ్యే చోట వేయండి. పోటు ఎక్కేటప్పుడు చేప గట్టు వారగా మేస్తూ పైకి వస్తుంది. పావుగంటలో ఏమీ తగలకపోతే ఇంకో ఐదు మీటర్లు దూరం. మూడు చోట్లా ఏమీ లేకపోతే ముప్ఫై అడుగులు నడిచి చోటు మార్చండి. ఒకే చోట కూర్చుని సాయంత్రం దాకా అదృష్టం కోసం చూడకండి.

గుండు బరువు నీటి నడకని బట్టి మార్చుకుంటూ ఉండాలి. నీళ్ళు నిలబడి ఉన్నప్పుడు 30 గ్రాములు చాలు. పోటు జోరందుకోగానే గుండు దొర్లి దారం పక్కకి కొట్టుకుపోతుంది, అప్పుడు 45, ఆపైన 60. గుండు అస్సలు కదలకుండా ఉండాలని లేదు. నిమిషానికి ఒక అడుగు జరిగి మళ్ళీ ఆగితే ఎర కొత్త చోటు వెతుక్కుంటున్నట్టే.

ఏది కొరుకుతోందో రాడ్ మొన చెబుతుంది. గొరక టకటకమని రెండు మూడు సార్లు కొట్టి ఆగి మళ్ళీ కొడుతుంది. జెల్ల ఒకే బరువుగా లాక్కుపోతుంది. దారం మెల్లగా బిగిసి మెల్లగా వదులవుతుంటే పీత ఎర పట్టుకుని నడుస్తోంది. ఎర పీచుపీచుగా తిరిగొస్తే ఖాయం. పీతల బెడదకి మందు ఉంది: గాలానికి జానెడు పైన లీడరుకి గోలీకాయంత థర్మకోల్ బెండు ఎక్కించండి. ఎర నేల మీద నుంచి లేచి తేలుతుంది, పీతకి అందదు, చేప కంటికి ఎదురుగా ఉంటుంది.

సర్కిల్ గాలంతో కొరకగానే రాడ్ ఎగలాగకూడదు. అలా లాగితే గాలం నోట్లోంచి ఉత్తినే వచ్చేస్తుంది. చేప లాగుతున్న బరువు చేతికి పూర్తిగా తెలిసే దాకా ఆగి, ఆపకుండా రీలు తిప్పండి, అంతే. గాలం తనంతట తానే తిరిగి మూతి మూలకి పట్టుకుంటుంది. గాలం పేగుల దాకా పోకపోవడం దీని గొప్ప, వదిలేయాల్సిన చేప బతుకుతుంది.

పండుగొప్ప తగిలితే తెలిసిపోతుంది. ఒక్క ఊపున లాగి, నీళ్ళ మీదికి ఎగిరి తల విదిలిస్తుంది. అది ఎగిరినప్పుడు రాడ్ మొన కిందికి దించి, దారం వదులు కాకుండా చూసుకోండి. స్తంభం వైపు పరిగెత్తితే దారం చుట్టేసి తెంపుతుంది, రాడ్ పక్కకి వాల్చి దాని తలని ఇటు తిప్పాలి. దాని మొప్పల మూత అంచు కత్తే, 20 పౌండ్ల దారం ఒక్క రాపిడికి తెగుతుంది. 40 పౌండ్ల లీడరు పెట్టుకోమన్నది అందుకే. చేత్తో మొప్పల్లోంచి పట్టి ఎత్తబోకండి, తడి తువ్వాలు చుట్టి లేదా జల్లి వలతో తీయండి. ఇంకో సంగతి: పండుగొప్ప మగదిగా పెరిగి, కొన్నేళ్ళ తర్వాత ఆడదిగా మారుతుంది. మీటరు దగ్గర ఉన్నవన్నీ దాదాపు ఆడవే, వాన కాలంలో ఈ మొగల్లోనే గుడ్లు పెడతాయి. ఫోటో తీసుకుని నీళ్ళలో తల ఒరవడికి ఎదురుగా పట్టుకుని, తోక కొట్టుకునే దాకా ఆగి వదిలేయండి. వండుకోవడానికి రెండు మూడు కిలోల చేపే రుచి.

రాయికో వలముక్కకో గాలం పట్టుకుంటే రాడ్ వంచి గుంజకండి, రాడే విరుగుతుంది. దారాన్ని ఓ కర్రకి నాలుగు చుట్లు చుట్టి తిన్నగా వెనక్కి నడవండి. చేతికి చుట్టుకుంటే బ్రెయిడ్ వేలు ఎముక దాకా కోస్తుంది. తెగిన దారం చేతికి వచ్చినంతా చుట్టి ఇంటికి తెచ్చేయండి. ఎండాకాలం ముందు నెలల్లో ఈ ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి, ఇసకలో వదిలిన దారం వాటి కాళ్ళకే చుట్టుకుంటుంది.

ముల్లు గుచ్చే చేపలు

జెల్లకి మూడు ముళ్ళు: వీపున ఒకటి, రెక్కల మొదట్లో చెరొకటి. రంపపు పళ్ళున్నవి, విషం ఉన్నవి. దాన్ని కాలితో తొక్కి పట్టడం, చేత్తో ఊపి విదిలించడం రెండూ ప్రమాదమే. నేల మీద పెట్టి తడి తువ్వాలు వేసి, తొడుగున్న చేత్తో వెనక నుంచి రెక్కల ముళ్ళ కింద వేళ్ళు వచ్చేట్టు పట్టుకుని పటకారుతో గాలం తీయండి. టేకు చేప (తోకలో విషపు ముల్లుండే చదునైన చేప) పడితే తోక వైపు చేయి పోనివ్వకుండా లీడరు కోసేయడం మంచిది. ఒడ్డున నీళ్ళలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా ఇసకలో ఈడ్చుకుంటూ నడవండి, కింద పడుకున్న టేకు తప్పుకుంటుంది. సముద్రపు పాము గాలానికి వస్తే దూరంగా దారం కోయడమే.

ముల్లు దిగితే పుండుని కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచండి. ఈ విషం వేడికి బలహీనపడుతుంది, నొప్పి తగ్గుతుంది. నీళ్ళ వేడి గుచ్చుకోని చేత్తో చూడండి, నొప్పిలో ఉన్న చేతికి కాలుతున్నదీ తెలియదు. ఇందుకే ఫ్లాస్కులో వేడి నీళ్ళు కూడా తీసుకెళ్ళండి. ముల్లు లోపల విరిగినా, వాపు ఎక్కినా, ఛాతీకో పొట్టకో గుచ్చుకున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. టెటనస్ సూది ఎలాగూ వేయించుకోవాలి.

పొట్ట బుడగలా ఉబ్బించే చేప పడితే ఇంటికి తేకండి, పిల్లికి కూడా వేయకండి. దాని కాలేయం, గుడ్లు, చర్మంలో ఉండే విషం వండినా పోదు.

పట్టిన చేప

గొరక, మాగ లాంటివి ఎండలో అరగంట ఉంటే కండ మెత్తబడిపోతుంది. బజారులోనే రెండు మూడు కిలోల ఐసు పొడి తీసుకుని పెట్టెలో పోయండి. చేప పడగానే తల మీద దెబ్బ వేసి, మొప్పల దగ్గర కోసి, రెండు నిమిషాలు బకెట్ నీళ్ళలో తల కిందులుగా పెట్టి నెత్తురు కారనివ్వండి. తర్వాత ఐసులో ఏటి నీళ్ళు కాసిన్ని కలిపిన జావలోకి. ఉత్త ఐసు ముక్కల మధ్య కంటే ఈ జావలో చేప చాలా తొందరగా చల్లబడుతుంది, ఐసు నీరు అన్ని వైపులా తాకుతుంది కాబట్టి. గంట తర్వాత నీళ్ళు వంపేసి ఐసు మీద ఉంచండి. పొలుసు తీయడం, పొట్ట కోయడం ఇంట్లోనే.

పొద్దుగూకే వేళ మంచి అరగంట, దాన్ని వదులుకోవద్దు. కానీ సామాను సర్దుకోవడం వెలుతురుండగానే మొదలుపెట్టండి. పోటు ఎక్కుతున్న రోజున వచ్చిన బాట నీళ్ళ కింద ఉండొచ్చు, ఏటి అంచు ఒండ్రు మోకాలి దాకా దిగబడుతుంది. తిరిగి ఎక్కే దారి వచ్చినప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

ఇంటికొచ్చాక రీలుని మంచినీళ్ళతో సన్నటి ధారగా కడగండి. పైపు జోరుగా పెడితే ఉప్పు బయటికి రాదు, బేరింగుల్లోకే పోతుంది. కడిగేటప్పుడు డ్రాగ్ బిగించి ఉంచండి, తుడిచి ఆరబెట్టాక పూర్తిగా వదులు చేయండి. రాడ్ రింగుల్ని తడిగుడ్డతో తుడిచి, ఏదైనా రింగులో గీత పడిందేమో దూదితో చూడండి. దూది పీచు పట్టుకుంటే ఆ రింగు మార్చాలి, లేకపోతే వచ్చే ఏకాదశికి దారాన్ని తెంపేది అదే. వాడిన గాలాల్ని కొత్త వాటి డబ్బాలో వేయకండి, ఒక్కటి తుప్పు పడితే తెల్లారేసరికి అన్నీ ఎర్రబడతాయి.